ఆరో గడి

స్పిటల్ హిల్ ఎక్కేసరికి ఆయాసం,
చేతిలో ఫైలు తడిసి బరువెక్కింది.
షెఫీల్డ్ వాన కురవదు,
తగువు తెగని మనిషిలా పక్కనే నడుస్తుంది.

మూడో అంతస్తు. తలుపు తెరవకముందే
వాసన పట్టేశాను:
రాత్రంతా గిన్నెలో తనలో తాను గొణుక్కున్న పిండి.
దోసెల పిండి కాదు, టెఫ్.
అయినా పులుపు పులుపే.

సెలామావిట్ అడిగింది ఏడువందల పౌండ్లు,
మూత ఉన్న పెద్ద కరెంటు పెనం కోసం.
ఇప్పటి పెనం మీద ఇంజెరా
మూడింట ఒకటి అంచు చిరిగి లేస్తోందట.
"నిండుది అమ్మకానికి, చిరిగింది ఇంట్లోవాళ్ళకి"
అని నవ్వింది.
శుక్రవారం నలభై, శనివారం అరవై,
ఎవరింట్లోనైనా పెళ్ళయితే నిద్ర లేదు.
లెక్కంతా గోడ కేలెండరు మీద, తన లిపిలో.
అంకెలు మాత్రం నాకూ అర్థమయ్యాయి.
ఒకప్పుడు లోకానికంతా కత్తులూ చెంచాలూ పంపిన ఉక్కు ఊరు ఇది,
ఒక్క పెనానికి ఇంత కాగితం.

ఫారం తీశాను.
పేరు. చిరునామా. వ్యాపారం. వారం రాబడి. పాత బాకీలు.
ఆరో గడి: ఇంటి యజమాని సంతకం.
"ఇంటి యజమాని అంటే కౌన్సిలే కదా?"
నిజంగానే తెలియక అడిగింది.
కాదన్నాను. ఆపైన మాట పెగల్లేదు.
ఆ యజమాని రెండేళ్ళ కిందట కోవెంట్రీ వెళ్ళిపోయాడు,
ఆమె పేరు మీద ఒక ఫోను, ఒక సోఫా,
పాడైన క్రెడిట్ స్కోరు వదిలి.
సోఫాని కంపెనీవాళ్ళు పట్టుకుపోయారు.
స్కోరు అడిగినవాళ్ళు లేరు.

మా ఆఫీసులో నలభై రెండు పేజీల సమానత్వ విధానం ఉంది.
నున్నటి కాగితం, అట్ట మీద నవ్వే ఆడవాళ్ళు.
నెలనెలా రెండో బుధవారం మూడున్నరకి దాని మీద చర్చ.
మూడున్నరకే బడి వదులుతారు.
కుక్కలకి క్షవరం చేసే దుకాణం పెట్టి
మా అప్పు ఆర్నెల్ల ముందే తీర్చేసిన లిన్ ఔట్రమ్
పేరుకి సలహా సభ్యురాలు, ఒక్కసారీ రాలేదు.
"నేను బడి గేటు దగ్గరే ఉంటా లవ్,
మీ సమానత్వాన్ని అక్కడికే పంపు" అంది.

సెలామావిట్ పెన్నుకి మూత పెట్టింది.
"కట్టలేని వారం వస్తే
నా గుమ్మంలో ఎవరు కూర్చుంటారు?"

నర్సంపేటలో మా పెద్దమ్మ గడప మీద
టక్ చేసుకున్న పిల్లగాడు కూర్చున్నాడు ఒకసారి,
పొద్దు గుంకేదాకా.
సంఘంలో మిగతా నలుగురూ వాకిట్లో నిలబడ్డారు,
మొన్నటిదాకా ఒక్క కంచంలో తిన్నవాళ్ళు,
ఎవరూ ఎవరి మొహమూ చూడకుండా.
రాత్రి మేకనమ్మి వచ్చి పెద్దమ్మ అంది:
"పిండి పులిస్తే అట్టయితది బిడ్డా,
మిత్తి పులిస్తే ఏమైతది?"
జవాబు దొరుకుతుందనే ఈ ఉద్యోగంలో చేరాను.
దొరికిందని చెప్పను.

"ఎవరూ కూర్చోరు" అన్నాను.
"ఫోను వస్తుంది. చేసేది నేనే.
ఆ వారం వదిలేద్దామంటే వదిలేద్దాం.
వడ్డీ అసలుని దాటకూడదని రాసుంది, చూడు, తొమ్మిదో పేజీ."
ఆమె నా మాట వినలేదు, పేజీ తిప్పింది.
వేలు పెట్టి చదివింది. మళ్ళీ చదివింది.

ఆరో గడికి అడ్డంగా గీత కొట్టాను.
పక్కన పొట్టి సంతకం, తేదీ.
మేనేజరు అడుగుతాడు. అడగనీ.
వచ్చే బుధవారం చర్చకి ఆ గీతే పెడతాను,
లేదంటే చర్చనే బడి గేటు దాకా నడిపిస్తాను,
వానలో, గొడుగు లేకుండా.

బయల్దేరుతుంటే రేకు కాగితంలో
ఏదో చుట్టి చేతిలో పెట్టింది, వేడిగా.
బస్సులో విప్పి చూశాను.
అంచు చిరిగి ఉంది.